అక్క ఆడిన విమానాల ఆట

మార్కాపురం బస్టాండు దగ్గరి వీడియోగేముల దుకాణంలో విమానాలను కాల్చే ఆట ఒకటి ఉండేది. బడి వదలగానే నేను అక్కడికే పరుగెత్తేవాణ్ణి. తరువాత నాయన ఒంగోలు నుంచి టీవీకి తగిలించే గేము పెట్టె తెచ్చాడు. అందులోనూ అదే ఆట ఉంది కానీ విమానాలు తక్కువ, రంగులు వెలిసిపోయినట్టు ఉండేవి. నకిలీదని నేను దాన్ని ముట్టుకోలేదు. అక్క మాత్రం రోజూ ఆడేది.

మొన్న గిద్దలూరులో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, దుకాణం ఆటనూ, టీవీ ఆటనూ, పాత కంప్యూటర్లకు వచ్చిన ఆటనూ నా ల్యాప్‌టాప్‌లో పక్కపక్కనే పెట్టి చూపించాను. దుకాణంలోదే అసలుదని, మిగతావి దాన్ని కుదించి చేసినవని చెప్పాను.

అక్క టీవీ ఆట మీద వేలు పెట్టింది. "నాకు ఇదే అసలుది రా. ఆడపిల్లని, ఆ దుకాణంలోకి నన్నెవరు పోనిచ్చినారు?"

ఇన్నేళ్లూ నాకా సంగతి తట్టనే లేదు. దుకాణం ఆట తెరిచి ల్యాప్‌టాప్ ఆమె ముందుకు జరిపాను. రెండు నిమిషాల్లోనే ఓడిపోయింది.

"ఏందిరా, ఇంత జోరుగా వస్తాండాయి!" అని నవ్వి మళ్లీ మొదలుపెట్టింది. వంటింట్లో కుక్కర్ కూతపెట్టినా లేవలేదు. నేనే వెళ్లి స్టవ్ ఆపాను.