పేలింది నా పెట్టె

మా పెద్ద తోటికోడలు పోయిన బుధవారం కోయిలకుంట్లలో కన్నుమూసింది. నిద్రలోనే పోయిందన్నారు. ఆమె అంత నెమ్మదిగా చేసిన పని ఇదొక్కటే.

అక్కకు కోపమొస్తే చేతిలో ఏముంటే అది విసిరేది. ఆ దురుసును నేను మెచ్చుకోను. కానీ ఇంటి ముందుగదిలో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పిందీ దానితోనే. “వేళ్లు పెట్టు, పామేం కాదు” అని కసిరేది. ఇంటి లెక్కలు కంప్యూటర్లో రాయడం నాకూ ఆమే నేర్పింది. తప్పు పడితే మొట్టికాయ వేసేది, నాకు మనవళ్లున్నారని కూడా చూడకుండా.

కంప్యూటర్లను నడిపించే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాలం చెల్లినప్పుడు, కొత్తది ఐదు కొత్త కంప్యూటర్లలో సాఫీగా ఎక్కింది. ఆరు పాతవాటిని అది ఒప్పుకోలేదు. కంప్యూటర్లు అమ్మే అతను వచ్చి, వాటిని తూకానికి వేసేయమన్నాడు.

“ఆరు తీసేస్తే ఆరుమంది పిల్లోళ్లు యాడ కూర్చుంటారప్పా?”

“బలవంతంగా ఎక్కిస్తే నిలవవు పెద్దమ్మా.”

“చేతకాదని అది చెప్పల్ల. నువ్వెవరు చెప్పేకి?”

వీధంతా వినేలా తిట్టి పంపింది. “పేలితే నన్నడగద్దు” అని అతనూ అరుస్తూ మెట్లు దిగాడు.

కొత్త సిస్టమ్ పెట్టే తనిఖీని దాటించే పద్ధతి నేర్చుకుని, అక్క పెన్‌డ్రైవ్‌తో ఆరింటిలోనూ ఎక్కించింది. నత్తల్లా నడిచాయి, కానీ నడిచాయి.

వారం తిరక్కుండానే ఒక పాత కంప్యూటర్లో కరెంటు అందించే పవర్ బాక్స్ ఢామ్మని పేలింది. పిల్లలకేం కాలేదు. కానీ మా వీధికి అలాంటి చప్పుడు కొత్త కాదు. షట్టర్లు దబదబా పడ్డాయి. “బాంబేసినారు” అని ఎవరో అన్నారు. ఎదురంగడిలో టీ తాగుతూ ఆ కంప్యూటర్లు అమ్మే అతను కనిపించాడు. మెట్ల మీద అతనన్న మాట అందరికీ గుర్తుంది. జనం అతని మీద పడ్డారు. కట్టెలు, చెప్పులు, ఒకడి చేతిలో గడ్డపార. నేను మిద్దె మీంచి చూశాను. తల పగిలి అతని చొక్కా ఎర్రగా తడిసింది. ఇంకొక్క దెబ్బ పడితే చచ్చేవాడు.

అక్క పొగలు కక్కుతున్న ఆ కంప్యూటర్ పెట్టెను ఒట్టి చేతులతో మోసుకొచ్చి, గడ్డపార ఎత్తినవాడి కాళ్ల మీద పడేసింది. వాడు కుప్పకూలాడు.

“బాంబు యాడుందిరా? పేలింది నా పెట్టె. ఈయప్ప వద్దంటాన్నా నేనే నడిపిస్తి. కొట్టేదుంటే నన్ను కొట్టండి.”

ఎత్తిన కట్టెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

ఆటో వచ్చేలోపు అక్కనూ అతన్నీ ముందుగదిలో కూర్చోబెట్టాం. నేను కొంగు చించి అతని తలకు కట్టాను.

“పవర్ బాక్సులు మార్చల్ల పెద్దమ్మా. మారిస్తే నడుస్తాయి.”

“ఆ మాట ముందే చెప్పేకి ఏమైంది నీకు?”

“చెప్పనిస్తివా?”

పేలుడుతో పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. మూలనున్న పాత కంప్యూటర్ ఒకటి దానంతటదే లేచింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. బొబ్బలెక్కిన అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని అక్క, కంటి మీదికి కారే నెత్తురు తుడుచుకుంటూ అతను, ఆ చుక్కలనే చూస్తూ కూర్చున్నారు.