తీగ ఎవరు లేపారు

ఆమెను అందరూ పొడుగక్క అనేవారు. లాడ్జీల దుప్పట్లు ఉతికిచ్చే తమ ఇంటి చిన్న లాండ్రీలో, డాబా మీద ఆరేసే పని ఎప్పుడూ ఆమెదే. తోడికోడలు కింద మెషీన్లు చూసుకుని తడి మూటలు పైకి చేరవేస్తే, పొడుగక్క చెయ్యి చాపి ఒక్క విసురుతో దుప్పటిని తీగ మీదికి వేసేది. తోడికోడలు మునివేళ్ళ మీద నిలబడ్డా ఆ తీగ అందేది కాదు.

"నువ్వు నేల సంగతి చూసుకోవే చిట్టీ, ఆకాశం సంగతి నేను చూసుకుంటా," అని ఏడిపించేది. తోడికోడలికి చిట్టి అన్న పేరు పెట్టిందీ ఆమే.

"అయితే ఆ మబ్బులు కాస్త తుడిచెయ్యక్కా, దుప్పట్లు తొందరగా ఆరతాయి," అనేది చిట్టి.

యాభై దాటాక పొడుగక్కకు నడుము పట్టెయ్యడం మొదలైంది. డాక్టరుకు చూపించుకోమని చిట్టి పోరితే, "బరువులు మోసేవాళ్ళకి నడుం నొప్పి రాక నాట్యం వస్తుందా?" అని కొట్టిపారేసేది. చిట్టే బోర్లా పడుకోబెట్టి మందు రాసేది. లేచాక ఇద్దరూ పాలు లేని టీ తాగి పనిలో పడేవారు. ఇంట్లో పాలు మగవాళ్ళకూ పిల్లలకూ సరిపోతే చాలనుకునేవారు.

ఒక ఉదయం పొడుగక్క విసిరిన దుప్పటి తీగ దాకా పోలేదు. తడితడిగా వచ్చి ఆమె మొహం మీదే పడింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ జారింది. తలెత్తి చూస్తే తీగ అంత పైన ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. అంతకుముందు వారమే చిట్టి స్తంభం దగ్గర పానాతో కుస్తీ పట్టడం ఆమెకు గుర్తొచ్చింది.

"తీగ లేపావా?"

"బిగించానక్కా. సాగిపోయి అంచులు నేలకి రాసుకుంటున్నాయి కదా."

"బిగిస్తే నాకందనంత పైకి పోతుందా?"

"బెత్తెడు కూడా లేవలేదు. కావాలంటే బావగార్నే చూడమను."

పొడుగక్క భర్త పైకొచ్చి చూసి, ఎప్పుడూ ఉండే చోటే ఉంది కదా అన్నాడు. దాంతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నీ మరదల్ని వెనకేసుకు రావడం నీకు అలవాటేగా! ఇదిగో చిట్టీ, నేనెప్పుడు కూలబడతానా, దుకాణం ఎప్పుడు నీ చేతికొస్తుందా అని కాచుకుని కూర్చున్నావు. నాకు తెలీదనుకోకు."

చిట్టి చేతిలోని మూట కింద పెట్టి మెట్లు దిగిపోయింది. కొద్దిరోజులకే మొగుడితో వేరే గది తీసుకుని, బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పనికి కుదిరింది. పోతే పోనీ అనుకుంది పొడుగక్క. కింద పనీ పైపనీ తానే చేసుకోసాగింది.

అలా తడి మూట ఎత్తబోయిన రోజే నడుములో ఏదో కలుక్కుమంది. ఉన్నచోటే కూలబడింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఆమెను గోడకున్న కొలబద్ద పక్కన నిలబెట్టింది.

"వయసులో ఉన్నప్పుడు మీ ఎత్తెంత?"

పొడుగక్క ఆ నొప్పిలో కూడా గర్వంగానే చెప్పింది.

"ఇప్పుడు అంత లేరమ్మా. ముట్లు ఆగాక ఎముకలు పలచబడతాయి. మీ వెన్నుపూసలు గుల్లబారి, ఒకటొకటిగా అణిగిపోతూ వచ్చాయి. ఇది ఇవాళ్టిది కాదు, కొన్నేళ్ళ నుంచీ జరుగుతోంది."

"మళ్ళీ వస్తుందా?"

"పోయిన ఎత్తు రాదు. ఉన్న ఎముకని కాపాడుకోవచ్చు."

వారానికో మాత్ర, పరగడుపున గ్లాసెడు నీళ్ళతో వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట పడుకోకూడదు. పాలూ పెరుగూ మానకూడదు. నొప్పి తగ్గాక రోజూ ఎండలో నడవాలి. వంగి బరువులెత్తకూడదు. డాక్టరమ్మ చెబుతూనే ఉంది. పొడుగక్క మనసు అక్కడ లేదు.

"డాక్టరమ్మా, మనిషి తగ్గితే తీగ పైకి పోయినట్టు అనిపిస్తుందా?"

"ఏ తీగమ్మా?"

పొడుగక్క మందుచీటీ మడిచి కొంగున కట్టుకుంది.

నడవగలిగిన రోజున, నడుముకు బెల్టు పెట్టుకుని చిట్టి గదికి వెళ్ళింది. చిట్టి ఇస్త్రీ వేడికి కమిలిన చేతులతో కుర్చీ వేసి, వెనక దిండు పెట్టింది.

"తప్పు నాదేనే. తీగ ఎక్కడికీ పోలేదు. ఎముకలు గుల్లబారి నేనే కిందికొచ్చా."

"తీగ మాట ఎప్పుడో మర్చిపోయానక్కా." చిట్టి గోడ వైపు చూస్తూ అంది. "నువ్వు కూలబడాలని కాచుకున్నానన్నావు చూడు, అదే పోవట్లేదు. నీ నడుముకి మందు రాసింది ఈ చేత్తోనే కదా!"

"ఇంటికి రావే," అంది పొడుగక్క.

"రానక్కా."

పొడుగక్క నడుముకున్న బెల్టు సర్దుకుంది.

"పోనీ, నువ్వు కూడా ఆ ఎముకల పరీక్ష చేయించుకో," అంది పొడుగక్క.

"నీ రక్తమా నాది, నీ జబ్బు నాకు రావడానికి?" చిట్టి పెదవి చివర చిన్న నవ్వు కదిలింది.

"రక్తం కాకపోతేనేం, వంటిల్లు ఒక్కటేగా! ఆ నల్లటీ నాతోపాటు నువ్వూ తాగావు. నీకూ ముట్లు ఆగిపోయాయి. ఆ మూటలన్నీ మెట్లెక్కించిందీ నువ్వే."

చిట్టి తన మణికట్టు నొక్కి చూసుకుంది.

"పరీక్షకి వస్తా. దుకాణానికి మాత్రం రాను."

"సరే."

గుమ్మం దాటాక ఇంకొక్కసారి అడుగుదామా అనుకుంది పొడుగక్క. అడిగితే ఆ వస్తానన్న మాట కూడా వెనక్కి తీసుకుంటుందేమోనని భయం వేసింది. గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది.