మా ఓబులేసన్న

పోయిన ఆదివారం నేను వంటింట్లో చెనిక్కాయలు వేయిస్తుంటే, మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని సెల్‌ఫోన్లో ఏదో గేము ఆడుతోంది. బాణలి చప్పుడు మధ్యలోంచి ఎండు వెదురు విరిచినట్టు ఒక చిన్న కేక వినిపించింది. పాతికేళ్ల తర్వాత వింటున్నా ఆ కేక ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. వంగి ఫోన్లోకి చూస్తే అతనే. కాళ్లకు చెప్పుల్లేవు, నడుముకు ఎర్రగుడ్డ, వీపు మీద ఒంటి జడ. కాలం గడిచే కొద్దీ మనమంతా ముడతలు పడితే అతను మాత్రం నునుపు తేలాడు, కండలు కూడా పెంచాడు. "ఈయన కథ కూడా రాసుండారు మా," అని అమ్మాయి చదివింది. పుట్టగానే తల్లిదండ్రులు పోయారట. మంచుకొండల్లో సన్యాసులు పెంచారట. తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోవడానికి దేశాలు తిరుగుతున్నాడట. "అంతా అబద్ధం," అన్నాను. "ఆయనకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండారు, పెనుకొండలో." మా అమ్మాయి నా మొహం వంక చూసింది. ఆ చూపుకు జవాబు చెప్పేలోపు చెనిక్కాయలు మాడిపోయాయి.

నాకు పన్నెండేళ్లప్పటి మాట. హిందూపురంలో మా నాయనకు చీరల అంగడి ఉండేది. ఆయన అన్న, అంటే మా పెదనాయన, పెనుకొండ హైస్కూల్లో డ్రిల్లు సారు. సాయంత్రాలు కొండ కింద వీధిలోని గరిడీ ఇంట్లో పిల్లలకు కర్రసాము, కుస్తీ నేర్పేవాడు. గరిడీ ఇల్లంటే నాలుగు గోడలు, పైన రేకులు, లోపల మెత్తగా తవ్విన ఎర్రమట్టి, అంతే. "ఒకడు అంగడి చూసుకున్నాడు, ఒకడు సాము చూసుకున్నాడు," అనేది మా అవ్వ. అందులో మెచ్చుకోలు ఎంతో, దెప్పు ఎంతో తేల్చడం ఎవరి తరమూ కాలేదు. పెదనాయనకు, పెద్దమ్మకు పిల్లలు లేరు. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఆ ఏడాది ఆయన రిటైరయ్యాడు. రిటైరైన కొత్తలోనే గరిడీ ఇంట్లో ఎవరికో అడుగు వేసి చూపించబోయి జారి పడ్డాడు. ఎడమ మోకాలు మెలిపడింది. కట్టు కట్టారు, కట్టు విప్పారు, ఇక నడవమని డాక్టరు చెప్పాడు. ఆయన నడవలేదు. నడవలేక కాదు. అంతమంది పిల్లల ముందు పడ్డందుకు. గరిడీ ఇంటికి తాళం వేయించి, హాల్లో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నెలలు గడిచాయి. మాట అడిగితే "ఊ" అనేవాడు, రెండోసారి అడిగితే అది కూడా లేదు. ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదని, వేసవి సెలవులకు పిల్లను పంపమని పెద్దమ్మ ఉత్తరం రాయించింది. ఆరో తరగతిలో ఫస్టు వచ్చానని నాయన కొనిపెట్టిన గేము పెట్టెను, అంటే టీవీకి తగిలించి ఆడుకునేదాన్ని, బట్టల మధ్య చుట్టిపెట్టుకుని నేను ప్యాసింజరు బండెక్కాను.

నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్టు. గుండ్రటి రాతి అరుగు మీద ఇద్దరు కొట్టుకోవాలి, అరుగు దిగినవాడు ఓడినట్టు. ఎనిమిది మందిని వరసగా గెలిస్తే ఆట అయిపోతుంది. అక్షరాలన్నీ ఏదో పరాయి లిపిలో ఉండేవి, అందుకని ఎవరికీ పేర్లు లేవు. నేనాడించే ఎర్రగుడ్డవాణ్ణి 'జడోడు' అనేదాన్ని. మొదటి రెండు రోజులూ పెదనాయన గోడవైపే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం వెనకనుంచి గొంతు వినపడింది.

"వానికి ఎడమ మోకాలు నొప్పి ఉండాది."

నేను తిరిగి చూశాను. ఆయన మోచేతి మీద లేచి టీవీ చూస్తున్నాడు. "బరువంతా కుడికాలు మీద ఏసినాడు చూడు. చిన్నప్పుడు పడింటాడు. అయినా ఎవరో బాగ నేర్పించినారు పాపా. ఆ నిలబడేది చూడు. ఊరికే వచ్చేది కాదది." అంత పొడవు మాట ఆయన నోట విని చాలా కాలమైనట్టుంది, పెద్దమ్మ చేతిలో బొరుగుల చేటతోనే వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నేను తెలివిగా, "ఎవరు నేర్పించినారు పెదనాయనా?" అన్నాను. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో ఆ ప్రశ్న ఒకటి.

అట్లా మొదలైంది ఆ మనిషి జీవితం. పెదనాయన దాన్ని ఊహించి చెప్పలేదు. డాక్టరు నాడి చూసినట్టు అడుగు చూసి చెప్పేవాడు. కొట్టే ముందు చేత్తో నేల తాకుతాడు కదా, అంటే మట్టిలో నేర్చుకున్నవాడు. మూడేళ్లపాటు గురువు అతనిచేత ఒక్క పట్టు కూడా పట్టించలేదు, మట్టి తవ్వించి, నీళ్లు చల్లించి, రాళ్లేరించాడు. "మట్టిని మెత్తగ చేయను రానోనికి దానిమింద పడే అర్హత ల్యాదు," అని గురువు మాటను పెదనాయనే అనేవాడు. గెలిచాక ఎదుటివాడికి వంగి మొక్కుతాడు కదా, అంటే ఇంట్లో పెద్దలున్నవాడు. పగ తీర్చుకోవడానికి బయల్దేరాడా అని నేనడిగితే ఆయనకు నచ్చలేదు. "పగ పెట్టుకున్నోని అడుగు బరువుగ పడతాది. వీడు ఎంత తేలిగ్గ పోతాండాడో చూడు. వీడు నేర్చుకోను పోతాండాడు. ఊరికొక పట్టు ఉంటాది."

పెద్దమ్మ రెండు రోజులు వింది. మూడో రోజు బొరుగులు పక్కన పెట్టి తనూ కూర్చుంది. ఆమె పుట్టిల్లు ధర్మవరం, నేతగాళ్ల ఇల్లు. ఆ ఎర్రగుడ్డను దగ్గరికెళ్లి చూసి, "ఇది మా ధర్మవరం అంచే. నాకు తెలీదా. తల్లి పాత చీర చించి కట్టింటాది," అంది. తల్లి ఉన్నప్పుడు పేరు కూడా ఉండాలి కదా. శ్రావణ శనివారం పుట్టాడని, ఓబులేసు అని పెట్టింది. కావాలంటే ఆ రోజు వానొచ్చిందని కూడా చెప్పగలదు, చెప్పింది కూడా. పెదనాయన గురువు సంగతులు, సాము సంగతులు చూసుకునేవాడు. తిండి, జ్వరాలు, చదువు పెద్దమ్మ శాఖ. ఓబులేసు సంగటి తింటాడు, వంకాయ ముట్టడు. తొమ్మిదో ఏట చింతచెట్టు మీదనుంచి పడ్డాడు, మోకాలు అప్పటిదే. చెట్టెక్కొద్దని తను ఎంత చెప్పినా వినలేదట. ఆ చెట్టు కాయ పుల్లన అని పెదనాయన, కాదు తీపి అని ఆమె, ఒక సాయంత్రమంతా గట్టిగా వాదించుకున్నారు. నేను ఆట రిమోటు పట్టుకుని, ఎవరు గెలిస్తే వాళ్లవైపు ఉందామని కాచుకున్నాను.

పెళ్లి మాట కూడా పెద్దమ్మే ఎత్తింది. ఆటలో ఐదోసారి ఎదురయ్యేది ఒక ఆడమనిషి. పచ్చబట్టలు, నెత్తిన ముడి, చేతిలో తనకంటే పొడవైన కర్ర. చిరుతపులిలా మీదికి దూసుకొస్తుంది. "కర్ర పట్టేది తెలుసు ఆ పిల్లకు," అని పెదనాయన ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి? పిల్లకు నాగలక్ష్మి అని పేరు పెట్టి, ఒక శుక్రవారం పూట పెద్దమ్మ పెళ్లి జరిపించేసింది. టీవీకి బొట్టు పెట్టింది. ఓళిగలు చేసింది, నేను ఆరు తిన్నాను. పెదనాయన మంచం మీదే కూర్చుని, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, పెళ్లికొడుకు తండ్రికి తగ్గట్టు ఏ పనీ చేయకుండా అందరినీ తొందరపెట్టాడు.

చిక్కు మరునాడు వచ్చింది. నేను మామూలుగానే ఆట మొదలుపెట్టి, నలుగురిని గెలిచి, నాగలక్ష్మి ముందు నిలబడ్డాను. చెయ్యి ఎత్తబోతుంటే పెద్దమ్మ వచ్చి నా రిమోటు మీద చెయ్యి వేసింది.

"ఆపు పాపా. పెండ్లాం మింద చెయ్యెత్తే కొడుకును నేను కనలేదు."

అంది, అని తనే ఆగిపోయింది. పెదనాయన తల తిప్పి ఆమెను చూశాడు. టీవీలో నాగలక్ష్మి కర్రతో ఓబులేసును ఉతికి అరుగు దించేసింది.  పెదనాయన చాలా మెల్లగా, "కనలేదులే. వాడూ ఎత్తడు," అన్నాడు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నాకప్పుడు ఆ మాట బరువు తెలియలేదు, కానీ గదిలో ఏదో బరువైనది లేచి పక్కకు జరిగినట్టు మాత్రం తెలిసింది.

అది సరే, ఇక ఆట ముందుకు పోయేదెట్లా? ఆమెను కొట్టకూడదు, ఆమెను దాటకపోతే మిగతా ముగ్గురూ రారు. చేతులు అడ్డం పెట్టుకుని నిలబడితే తన్నులు తినడమే అయింది. వారం పాటు రోజుకు పదిసార్లు ఓబులేసు పెళ్లాం చేతిలో ఓడిపోయాడు. "ఇంట్లో ఓడితే ఓటమి కాదు," అని పెదనాయన సర్ది చెప్పాడు కానీ, నాకు ఏడుపొచ్చింది. ఆదివారం నాయన వచ్చి నన్ను తీసుకెళ్లిపోతాడు. శనివారం మధ్యాహ్నం వచ్చేసింది. ఓబులేసు చివరిదాకా వెళ్లి ఏం నేర్చుకున్నాడో తెలియకుండానే నేను హిందూపురం పోవాలి.

"తప్పుకో," అన్నాడు పెదనాయన. "కొట్టొద్దు, ఆపొద్దు. ఆమె వచ్చేటప్పుడు పక్కకు అడుగు తీయి. ఆమె వేగమే ఆమెను అరుగు దించుతాది." నేను తీశాను, తన్నులు తిన్నాను. మళ్లీ తీశాను, మళ్లీ తిన్నాను. "అట్ల కాదు పాపా, ముందే తీస్తాండావు. ఆమె కర్ర కొన కండ్ల ముందరికి వచ్చినాక తీయల్ల." ఇంకోసారి చెప్పాడు. ఇంకోసారి. చివరికి విసుగొచ్చి, "అట్ల కాదంటే," అంటూ దుప్పటి తోసేసి లేచి నిలబడ్డాడు.

లేచాక గాని లేచినట్టు ఆయనకే తెలియలేదనుకుంటాను. పెద్దమ్మ తెలుసుకుంది, కానీ ఒక్క మాట అనలేదు. అంటే మళ్లీ కూర్చుంటాడని ఆమెకు తెలుసు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, మూలనున్న బూజుకర్ర తీసుకుని, "నేను నాగలక్ష్మి. చూపించు ఆ పిల్లకు," అంది. హాలు ఆ చివరికెళ్లి, యాభై దాటిన మనిషి, కర్ర ముందుకు పెట్టి పరుగెత్తుకొచ్చింది. పెదనాయన కదల్లేదు. కర్ర కొన బొజ్జకు జానెడు దూరంలోకి వచ్చాక, ఎడమకాలు మీద, ఆ మోకాలి మీదే, గిరుక్కున తిరిగి పక్కకు తప్పుకున్నాడు. పెద్దమ్మ ఆపుకోలేక నేరుగా వెళ్లి నులకమంచం మీద పడింది. మంచం కోడు విరిగింది. పడ్డచోటనే ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పెదనాయన భయపడి చెయ్యి అందించబోయి, ఆమె నవ్వు చూసి తనూ నవ్వి, నవ్వలేక గోడ పట్టుకున్నాడు. ఆ గోడనే కదా ఆయన అన్ని నెలలూ చూస్తూ పడుకున్నది.

"చూస్తివా?" అన్నాడు నాతో, ఆయాసపడుతూ.

చూశాను. రిమోటు తీసుకున్నాను. కర్ర కొన కళ్ల ముందుకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు పక్కకు తీశాను. నాగలక్ష్మి దూసుకుపోయి అరుగు దిగింది. ఓబులేసు వంగి మొక్కాడు. "మొక్కుతాడులే, మంచోడు," అంది పెద్దమ్మ, విరిగిన మంచం మీదనుంచే. మిగతా ముగ్గురినీ కొట్టి గెలిచానో, తప్పుకుని గెలిచానో ఇప్పుడు గుర్తులేదు. ఆట చివర ఓబులేసు ఒక్కడే ఒక కొండదారిన నడిచి వెళ్లే బొమ్మ వచ్చింది. "ఒంటిగ యాడికి పోతాండాడు?" అని పెద్దమ్మ కంగారు పడింది. "పోయేది కాదే, వస్తాండాడు. ఇది మన పెనుకొండ కొండే, గుర్తు పట్టలేదా?" అన్నాడు పెదనాయన. అయితే అన్నానికి వచ్చేస్తాడని ఆమె కుదుటపడింది.

మరునాడు నాయన వచ్చేసరికి పెదనాయన ఇంట్లో లేడు. గరిడీ ఇంటి తాళం తీయించి, గట్టిపడిన మట్టిని నలుగురు పిల్లలచేత తవ్విస్తూ, రాళ్లు సరిగ్గా ఏరడం లేదని తిడుతున్నాడు. నాయన గుమ్మం దగ్గరే నిలబడి చాలాసేపు అన్నను చూశాడు. సంగతేమిటని పెద్దమ్మను అడిగితే, ఆమె ఓబులేసు పుట్టిన దగ్గరనుంచీ చెప్పుకొచ్చింది. మా నాయన కొలతల మనిషి, తక్కువ మాటల మనిషి. అంతా విని, "ఊ," అన్నాడు.

అంగడికి సరుకు తేవడానికి ఆయన ఎట్లాగూ ధర్మవరం పోవాలి. నలుగురం కలిసే బండెక్కాం. పెదనాయన చేతికర్ర తీసుకున్నాడు గాని, దాన్ని ఎక్కువగా నాకు పట్టులు చూపించడానికే వాడాడు. పెద్దమ్మ అన్న ఇంట్లో మగ్గం మీదనుంచి అప్పుడే దిగిన చీరలు పరిచారు. నాయన అంగడికి కావలసినవి ఏరుకున్నాడు. పెద్దమ్మ కాస్త దూరంగా కూర్చుని, మెరూన్ రంగు మీద బంగారపు అంచున్న చీర ఒకటి తాకి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుంది. నాయన చూడనట్టే చూశాడు. తర్వాత మామూలు గొంతుతో ఆ ఇంటాయనతో, "అదీ కట్టు బావా. మా అన్న కొడుకు పెండ్లి అయింది. పెండ్లికొడుకు తల్లికి చీర పెట్టల్ల కదా," అన్నాడు.

ఆ ఇంటాయన నోరు తెరిచి చెల్లెల్ని, బావను, మా నాయనను వరసగా చూశాడు. పెదనాయన పైకప్పు చూస్తున్నాడు. పెద్దమ్మ చీర ఒళ్లో పెట్టుకుని, "నాగలక్ష్మి, మంచి పిల్లన్నా. కర్రసాము వచ్చు," అంది, ఏ మాత్రం తొణక్కుండా. అప్పుడు మా నాయన నవ్వాడు. ఆయన పళ్లు నేను సరిగ్గా చూసింది అదే మొదటిసారి.

ఆ తర్వాత పెదనాయన ఇంకా పదేళ్లకు పైనే ఆ మట్టిలో పిల్లలకు అడుగులు నేర్పాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, పెద్దగా బాధపడకుండా వెళ్లిపోయారు. నాకు పెళ్లయింది, పిల్ల పుట్టింది, నాయన అంగడి నా చేతికి వచ్చింది. అన్నీ సక్రమంగానే జరిగాయి. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది: ఆ ఒక్క వేసవిలో ఒక మనిషి పుట్టి, చెట్టుమీదనుంచి పడి, చదువుకుని, పెళ్లి చేసుకుని, లోకం చుట్టి ఇంటికి రాగలిగాడు. తర్వాత వచ్చిన పాతికేళ్లలో మాత్రం నిన్నా ఇవాళా తప్ప ఇంకేమీ ఇమిడినట్టు లేదు.