నిర్మల్ కోటా, బాపు సీతాఫలమూ

నిర్మల్ చూడాలన్న ముచ్చట నాది కాదు, మా బాపుది. మా ఊరు కొండగట్టుకు దగ్గర. బాపు గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు. మాటలు తక్కువ, మా అమ్మతో, అవ్వతో అయితే మరీ తక్కువ. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమెతో ప్రేమగా ఒక్క మాట అనగా వినలేదు. కానీ దసరా దాటిందంటే చాలు, గుట్ట ఎక్కి, రాళ్ల సందుల్లో వెతికి, బాగా పండిన సీతాఫలాలు రుమాలులో మూటగట్టుకొచ్చి ఆమె ముందు పెట్టేవాడు. "తిను" అనేవాడు, అంతే. అవ్వ ఒక్కొక్క పండునూ బొటనవేలితో మెల్లగా నొక్కి చూసుకుని తింటుంటే, ఈయన అటు తిరిగి కూర్చుని నూలు కండెలు చుట్టుకునేవాడు.

రెండేళ్ల కిందట ఊరివాళ్లతో కలిసి ఇద్దరూ కాశీ వెళ్లొచ్చారు. కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో ఒకటి జన్మకు విడిచిపెట్టి రావాలి కదా. మా పక్కింటి పెద్దమ్మ ఎన్నడూ ముట్టని కాకరకాయను విడిచి పుణ్యం మూటగట్టుకుంది. బాపు సొరకాయను విడిచాడు. దాని పేరెత్తితేనే ఆయనకు కడుపులో తిప్పుతుంది, గంగమ్మకు ఆ సంగతి తెలియదు కాబోలు! అవ్వ మాత్రం నిజంగానే సీతాఫలాన్ని విడిచింది. ఆ తర్వాత బాపు జామపండ్లు తెచ్చాడు, రేగుపండ్లు తెచ్చాడు. ఆమె వాటిని వాడకట్టు పిల్లలకు పంచేసింది. "పండునే ఇడ్సిందా, నన్ను గూడ ఇడ్సిందా తెల్వది బిడ్డా" అని ఒకనాడు నాతో అన్నాడు.

నేను జగిత్యాలలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మా పెద్ద పంతులమ్మ గదిలో నిర్మల్ కొయ్య మామిడిపండు ఒకటి ఉంది, అచ్చం చెట్టు మీది పండే. ఆ ముచ్చట ఇంట్లో చెబితే బాపు చేతిలో పోగు ఆడించే నాడె ఆగిపోయింది. "సీతాఫలం గూడ చేస్తరా?" అన్నాడు. చేస్తారేమో అన్నాను. నాడె పక్కన పెట్టి, "అవ్వకు చెప్పకు. కోట సూస్తందుకు పోతున్నం అను" అన్నాడు. దసరా సెలవుల్లో మా ప్రయాణం అలా కుదిరింది. కాశీకి ముందటి ఏడు మగ్గం గుంటలోకి దిగుతూ జారి కాలు మెలిపడినప్పటి నుంచి బాపు కొంచెం కుంటుతాడు. అందుకని నడక తక్కువుండేలా చూసుకున్నాను.

జగిత్యాలలో పొద్దున ఆరింటి బస్సెక్కితే మేలు. కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా తొమ్మిది దాటేసరికి ఆర్మూరు చేరుస్తుంది. అక్కడ దిగి నాగపూర్ రోడ్డున వెళ్లే బస్సు పట్టుకోవాలి. అంతా కలిపి మనిషికి మూడు రూపాయలలోపే. చిల్లర దగ్గర ఉంచుకోండి, నోటు చూస్తే కండక్టరు మొహం ముడుచుకుంటాడు. సోన్ దగ్గర గోదావరి వంతెన మీదికి రాగానే డ్రైవరు తనంతట తానే వేగం తగ్గించాడు. "దండం పెట్టుకో అవ్వా, మెల్లగ పోతున్న. జర చెయ్యి బయటికి పెట్టకు" అన్నాడు. అవ్వ కొంగుముడి విప్పి ఒక పైస నీళ్లలో వేసి, పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకుంది. ఏం మొక్కావని అడిగితే, "నీకెందుకే, అన్ని నీకే కావాలె" అని కసిరింది.

పదకొండింటికల్లా నిర్మల్‌లో దిగాం. దిగగానే ఎదురుగా ఏముండాలి? అడవి నుంచి తెచ్చిన సీతాఫలాల గంపలు, వరసగా! బాపు చెయ్యి అలవాటు కొద్దీ గంపలోకి వెళ్లింది. ఒక పండు తీసి నొక్కాడు, తిప్పి చూశాడు, ఎవరో గుర్తుచేసినట్టు మళ్లీ గంపలో పెట్టేశాడు. అవ్వ మొహం అటు తిప్పుకుని, "కోట ఎటు దిక్కుందే?" అని నన్ను అడిగింది. ఒక్క నిమిషంలో కోట మీద ఎంత మనసు పుట్టిందో!

ఊళ్లోకి అడుగుపెడుతూనే పాత రాతిగోడలు, బురుజులు కనిపిస్తాయి. శ్యామ్‌గఢ్ కోట ఎక్కితే ఊరంతా, చుట్టూ గుట్టలూ కనిపిస్తాయని చెప్పారు. చల్లపూట వెళ్లండి, రాయి వేడెక్కితే కాలు పెట్టలేం. మేము సగమే ఎక్కాం. కొన్ని మెట్లెక్కగానే అవ్వ చతికిలబడింది. "నాతోని గాదు, మోకాళ్లు గుంజుతున్నయి. ఆయనను గూడ కూసోమను" అంది. ఊళ్లో రెండు బిందెలు ఎత్తుకుని గట్టు మీద నడిచే మనిషికి ఇంతలోనే మోకాళ్లు ఎలా గుంజాయో నాకు అర్థం కాలేదు. చిరాకేసింది కూడా. ఇంత దూరం వచ్చి సగం కోట చూసి పోవడమేమిటి? అయినా దిగాం.

బస్టాండుకు దగ్గర్లోనే ఒక ముసలామె నడిపే హోటలు ఉంది. నాలుగు బల్లలు, ఒక పొయ్యి. వేడివేడి జొన్నరొట్టె, పెసరపప్పు, పచ్చి ఉల్లిగడ్డ. ముగ్గురం కడుపునిండా తిన్నా రెండు రూపాయలు కాలేదు. ఆమెకూ అవ్వకూ నిమిషంలో దోస్తీ కుదిరింది. జొన్నల ధర దగ్గర మొదలుపెట్టి కోడళ్ల దాకా వచ్చారు. అదే సందని బాపు నాకు కనుసైగ చేశాడు. "బొమ్మలు సూసొస్తం, నువ్వు గీడనే నడుము వాల్చు" అని చెప్పి ఇద్దరం జారుకున్నాం.

బొమ్మలు చేసే వీధి అక్కడికి కొద్ది దూరమే. ఎవర్ని అడిగినా చూపిస్తారు. ఒక ఇంటి అరుగు మీద పొనికి చెక్క దుంగలు పేర్చి ఉన్నాయి. లోపల ఒకాయన నెమలికి రంగు వేస్తున్నాడు, ఆయన భార్య చింతగింజల గుజ్జు నూరుతోంది. పొనికి చెక్క బెండులా తేలిక. దాన్ని చెక్కి, ఈ గుజ్జూ రంపపుపొట్టూ కలిపి అతుకులు నింపి, ఆరాక సుద్ద పూసి, ఆపైన రంగులు వేస్తారట. సీతాఫలం ఉందా అని అడిగాం. "మామిడి ఉంది, జామ ఉంది, అరటి ఉంది. సీతాఫలం ఎవ్వరడుగుతరు దాదా? ఒక్కొక్క కన్ను చెక్కాలె, శాన పని" అంటూనే పైఅరలోంచి ఒకటి తీశాడు.

బాపు దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురులోకి నడిచాడు. "గిది కాయ. పండు గాదు" అన్నాడు.

బొమ్మలాయన నవ్వాడు. "కట్టెకు కాయేంది, పండేంది దాదా?"

"ఆమె కాయ తినది."

నవ్వు ఆగిపోయింది. నూరుతున్న ఇల్లాలు తలెత్తి చూసింది. ఆయన సన్న కుంచె తీసి, "చెప్పు, ఎట్లుండాలె" అన్నాడు. ఇక మా బాపు మొదలుపెట్టాడు. కండ్ల నడుమ గీతలు తెల్లబడాలట, ఆకుపచ్చ మీద పసుపు తేలాలట, తొడిమ దగ్గర కొద్దిగా కమలాలట. "గీడ జర నలుపు పెట్టు. గుట్ట మీది పండుకు ఎండ తగిలిన దిక్కు గట్లనే ఉంటది." మా బాపు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను పుట్టాక అదే వినడం. చివరికి బొమ్మలాయన చేతిలోని కొయ్యముక్క పండింది. ధర రూపాయిన్నర. కూరగాయల దగ్గర పైసకు కొట్లాడే బాపు నోరెత్తకుండా ఇచ్చేశాడు. "రేపటిదాంక ముట్టకుండ్రి, రంగు పచ్చిగుంది" అని బొమ్మలాయన చెప్పి పంపాడు.

బాపు దాన్ని తువాలు మీద పెట్టుకుని, నిండు గిన్నె మోసినట్టు నడుచుకుంటూ హోటలుకు తెచ్చాడు. అవ్వ ముందు బల్ల మీద పెట్టాడు. ఏం చెబుతాడా అని చూస్తున్నాను. నోరు తెరిచి, "తిను" అన్నాడు!

హోటలామె పగలబడి నవ్వింది. అవ్వ నవ్వలేదు. ముందు పండును చూసింది, వెంటనే వంగి బాపు కాళ్లను చూసింది. "ఏ గుట్ట ఎక్కినవ్?" అంది. "కాలు సూపియ్."

"కట్టెదే అది. గీడనే కొన్న."

"గుట్ట మీద పడొచ్చి, మగ్గం గుంటల జారిన అని నాకు అబద్దం చెప్పినవ్. మగ్గం గుంటల గడ్డిముండ్లు ఉంటయా? నీ ధోతికున్నయి ఒక్కొక్కటి నేనే ఏరిన. పండు వద్దంటె ఇంటవా నువ్వు? సావనన్న సస్తవ్ గని గుట్ట ఎక్కుడు మానవు. గందుకే గంగల మునిగి ఇడ్సిన. గిప్పటికి గూడ అది కండ్లబడితె నాకు నోరూరుతది, తెల్సా?"

బాపు ఆమె పక్కన కూర్చున్నాడు. కోట మెట్ల మీద అవ్వ మోకాళ్లు ఎందుకు గుంజాయో నాకప్పుడు తెలిసొచ్చింది. ఏడుపొచ్చి నేను పొయ్యి వైపు తిరిగాను. హోటలామె మెల్లగా, "కాశీల ఇడ్సింది పండును గద అవ్వా, కట్టెను గాదు" అంది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని చాలాసేపు ఆ పండునే చూసింది.

"దీనికి గుట్ట ఎక్కలే గద?"

"ఎక్కలే."

"అయితె ఇటియ్యి."

చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది.

మూడున్నర బస్సుకు బయల్దేరితే ఆర్మూరులో జగిత్యాల బస్సు అందుతుంది. దారంతా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, పండు మాత్రం ఆ ఒళ్లోంచి ఈ ఒళ్లోకి మారుతూనే ఉంది. మా ఇంట్లో ప్రేమలు లేవని, ఉన్నదంతా మగ్గం చప్పుడేనని నేను అనుకుంటూ పెరిగాను. పిచ్చిదాన్ని. ఒకరు గుట్ట ఎక్కి, ఒకరు నోరు కట్టుకుని, అన్నేళ్లూ చెప్పుకుంటూనే ఉన్నారు. నిర్మల్ కోట పైనుంచి ఊరు ఎలా కనిపిస్తుందో నన్ను అడగకండి, నేను చూడలేదు. దానికి ఇప్పుడు నాకేమీ బాధ లేదు.

వెళ్లేవారికి ఒక్క మాట చెబుతాను. కొయ్యపండ్లు కొనేటట్టయితే పొద్దున్నే వెళ్లి బేరం చేసుకుని, రంగు బాగా ఆరాకే చేతికి తీసుకోండి. మా సీతాఫలం మీద అవ్వ బొటనవేలి గుర్తు అలాగే పడిపోయింది. మళ్లీ వెళ్లినప్పుడు దిద్దించుకొస్తానంటే బాపు ఒప్పుకోలేదు. "పండింది గద బిడ్డా, నొక్కితె గట్లనే సొట్టపోతది" అన్నాడు.