శౌరి గారు, లండన్ ఏలికలు

ఐర్లాండ్‌లోని లెటర్‌కెన్నీ వృద్ధాశ్రమంలో కేరర్‌గా పనిచేసే శౌరి గారు టీ తాగేటప్పుడల్లా బ్రిటన్ ప్రభుత్వాన్ని ఏకిపారేస్తారు. కారణం లేకపోలేదు. చెల్లెలు సంతోషకుమారి ఉండే డెర్రీ కారులో అరగంట దూరమే. దారిలో ఆపేవాళ్లూ ఉండరు. కానీ సరిహద్దుకు అటువైపు బ్రిటన్, మన ఇండియా పాస్‌పోర్టుకు వీసా కావాలి. ఆమెకు బిడ్డ పుట్టినందుకు డెర్రీలో పెట్టుకున్న కృతజ్ఞతా ప్రార్థన కూడిక దగ్గరపడినా వీసా రాలేదు.

"ప్రధానమంత్రుల్ని మార్చే తొందర వీసా ఇవ్వడంలో లేదేం వీళ్లకి?" అన్నారు.

"ఎవరు చూస్తార్లే, వెళ్లిపో" అన్నారు తోటివాళ్లు.

"దేవుడు చూస్తాడుగా" అని ఆయన ఆగిపోయారు.

సంతోషకుమారిది బ్రిటిష్ పాస్‌పోర్టు, ఇటు రావడానికి వీసా అక్కర్లేదు. ఆదివారం ఆమే బిడ్డతో, బిర్యానీ గిన్నెతో అన్నగారింట్లో దిగింది. కూడిక అక్కడే జరిగింది.

మేనల్లుణ్ణి ఒళ్లో పెట్టుకుని శౌరి గారే ప్రార్థించారు. ఏలేవారి కోసం ప్రార్థించడం మన కూడికల్లో అలవాటే. ఐర్లాండ్ పాలకుల్ని తలచుకున్నాక కాస్త ఆగి, "లండన్‌లో ఏలేవారిని కూడా దీవించుము తండ్రీ" అన్నారు.

ఆమేన్ కాగానే చెల్లెలు నవ్వింది. "రోజూ తిట్టేది వాళ్లనేగా అన్నయ్యా?"

"రేపూ తిడతానమ్మా. కానీ వీడు పెరగాల్సింది వాళ్ల దగ్గరేగా" అన్నారాయన, బిడ్డ దుప్పటి సర్దుతూ.