ఛాంపియన్ గారి రాజీనామా

మా సెక్షన్‌లో నా బల్ల, ఉమాశంకర్ బల్ల ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అతను కాలు ఆడించడం మొదలుపెడితే నా బల్లమీది గాజుపలక టకటకలాడుతుంది. దాని కింద పెట్టుకున్న సెలవుల జాబితా, వేంకటేశ్వరస్వామి బొమ్మ కూడా కదులుతాయి. ఎనిమిదేళ్లు ఈ గోల భరించాను. నాకసలే ఓర్పు తక్కువ. స్కేలుతో అతని మోకాలి మీద ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. కొట్టినప్పుడల్లా, "జానకక్కా, ఈ కాలు ఖరీదు నీకు తెలీదు" అనేవాడు.

పొగరే కానీ, అబద్ధం కాదు. విశాఖపట్నం నుంచి స్పోర్ట్స్ కోటాలో గుమాస్తాగా ఢిల్లీ వచ్చాడు. ప్రభుత్వ ఆఫీసుల మధ్య జరిగే బాక్సింగ్ పోటీల్లో అరవైనాలుగు కిలోల లోపు విభాగంలో వరసగా నాలుగేళ్లు అతనే ఛాంపియన్. పొద్దున్న రిజిస్టరులో సంతకం పెట్టేవాడు, లంచ్ కాగానే ప్రాక్టీసుకని వెళ్లిపోయేవాడు. అది రూలే, తప్పు పట్టడానికి లేదు. అతని వాటా ఫైళ్లు మాత్రం ధర్మయ్యగారి బల్లమీదికి చేరేవి. ధర్మయ్యగారిది కర్నూలు, రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది, మనిషి ఊదితే ఎగిరిపోయేంత సన్నం. ఆయన రాసిన నోటులో కామా తీయడానికి కూడా పై అధికారులు జంకుతారు. అలాంటి మనిషిని పట్టుకుని మొహం మీదే "పెన్ను పహిల్వాన్" అని పిలిచేవాడు ఉమాశంకర్. ఆయన నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

2004 నవంబరులో ఐదో ఏటి ఫైనల్ వచ్చింది, ఒక శనివారం. మా ఆఫీసులో ఎవరికి మంచి జరిగినా మిఠాయి పంచాలి, ప్రమోషన్ అయినా, మనవడు పుట్టినా. జరిగాక పంచుతారు ఎవరైనా. మన ఛాంపియన్ శుక్రవారమే మోతీచూర్ లడ్డూల డబ్బాలు మోసుకొచ్చాడు. రేపు ఆఫీసుండదు, సోమవారం దాకా మిమ్మల్ని నోరు కట్టుకోమనడం అన్యాయం కదా అన్నాడు. ప్రతి బల్ల దగ్గరా ఆగి, వాళ్లతోపాటు తనూ ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. నేను రెండు లడ్డూలు తిన్నాను, దాచడమెందుకు.

ధర్మయ్యగారు తన లడ్డూని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టారు. "గెలిచి రాపో నాయనా, సోమవారం తింటా" అన్నారు. ఉమాశంకర్ మొహం చిట్లించాడు. పెన్ను పట్టే చేతులకి భయం ఎక్కువని అందరూ వినేట్టు అని, మిగతా లడ్డూలు పక్క సెక్షన్‌కి పట్టుకుపోయాడు.

ఫైనల్‌కి అతని భార్య ఉమతో కలిసి నేనూ వెళ్లాను. పొద్దున్న బరువు చూసినప్పుడు ఏడువందల గ్రాములు ఎక్కువ తూగాడట. పాపం లడ్డూలదే అనను, నెలరోజుల నిర్లక్ష్యం అది. గంట టైమిస్తే రెండు స్వెట్టర్లు, పైన రెయిన్‌కోటు వేసుకుని మైదానం చుట్టూ పరిగెత్తాడు. నోట్లో ఉమ్ము కూడా మిగల్చకుండా ఉమ్మేశాడు. ఎలాగో బరువు దిగింది, దాంతోపాటు కాళ్లలో సత్తువా దిగింది.

ఎదుటివాడు సత్బీర్ అని వేరే ఆఫీసువాడు, రోహ్‌తక్ వైపు నుంచి కొత్తగా చేరాడు. మొదటి రౌండు ఎలాగో గడిచింది. రెండో రౌండుకి మనవాడి కాళ్లు నేలకి అంటుకుపోయాయి. అది కప్పిపుచ్చుకోవడానికి చేతులు రెండూ దించేసి, ఎప్పట్లాగే మా బెంచీ వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు మీదే పడింది దెబ్బ. కిందపడి, రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచాడు కానీ, మూడో రౌండు మధ్యలో ఆ రిఫరీయే అతన్ని పట్టుకుని ఆట ఆపేశాడు. ఉమ నా చేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. అతను మా ముందునుంచే వెళ్తూ కూడా తలెత్తలేదు.

సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. పదిరోజులు చూసి ఉమ మా ఇంటికొచ్చింది. వాళ్లదీ జనక్‌పురే, రెండు వీధుల అవతల. మనిషి ఇంట్లో కూర్చోవడం లేదట. డిస్ట్రిక్ట్ సెంటర్ బజారు దాకా నడిచి వస్తాడు, నీళ్లు తాగుతాడు, మళ్లీ బూట్లు తొడుక్కుంటాడు. కంచం ముందు కూర్చుని సగంలో లేస్తాడు. ఉద్యోగం మానేసి విశాఖ వెళ్లిపోతానంటున్నాడు.

"అక్కడేముందక్కా? ఈయనకి ఈ ఉద్యోగం తప్ప ఇంకేం లేదు. పాప రెండో క్లాసు. ఆఫీసులో మొహం చూపించలేక దీన్నీ వదిలేస్తే మేం ఎలా బతకాలి?" అంది ఉమ. ఆ రెండు లడ్డూలు తిన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పదకొండో రోజున వచ్చాడు. ఆఫీసువాళ్లం నెలకింతని కట్టి ఎక్కే చార్టర్డ్ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆఫీసులో ఒక ఆర్డరు కాచుకుని ఉంది. ఇకనుంచి మధ్యాహ్నం ప్రాక్టీసు లేదు, రోజంతా సీట్లో పనిచేయాలి. పొద్దుటినుంచి నా గాజుపలక మోగుతూనే ఉంది. టీకి ఆరుసార్లు లేచి వెళ్లాడు. ఎవరూ ఓటమి మాట ఎత్తలేదు, అదే అతన్ని ఎక్కువ తినేసింది.

సాయంత్రం ఒక కాగితం నా వైపు తోశాడు. రాజీనామా. ఇంగ్లీషులో రెండు వాక్యాలు: అయ్యా, నేను వెళ్తున్నాను, కృతజ్ఞతలు. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక్క ఉత్తరమైనా రాసి ఉంటే కదా! నవ్వకూడదనుకుంటూనే నవ్వేశాను. ఇలా రాస్తే ఎవరూ తీసుకోరు, ధర్మయ్యగారికి చూపించు అన్నాను. ఆ పేరు వినగానే కాగితం వెనక్కి లాక్కున్నాడు.

ఆ రోజు వెళ్లలేకపోయాడు. మర్నాడు నాలుగు బల్లల దూరం నడవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ధర్మయ్యగారు ఎర్రపెన్సిల్ కోసం సొరుగు తీస్తుంటే ఉమాశంకర్ కళ్లు అక్కడే ఉన్నాయి. లడ్డూ పొట్లం లేదు. ఆయన తిన్నారో పారేశారో మేమెవరమూ అడగలేదు.

"విషయం ఏదబ్బా పైన? రాసుకోని రాపో" అన్నారాయన. మర్నాడు విషయం రాస్తే, సెక్షన్ ఆఫీసరు ద్వారా పంపాలి కదా అన్నారు. ఆ మర్నాడు తేదీల్లో తప్పు. రెండు వాక్యాల ఉత్తరానికి ఇన్ని తప్పులేమిటని నాకు అనుమానం వచ్చి ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

నాలుగో రోజున అసలు మెలిక పెట్టారు. పోయేవాడు తన దగ్గరున్న ఫైళ్ల జాబితా జతచేయాలన్నారు. నా దగ్గరేం ఫైళ్లున్నాయి అన్నాడు ఉమాశంకర్. ధర్మయ్యగారు తన దగ్గర చేరిన అతని వాటా నలభైమూడు ఫైళ్లు మోయించి అతని బల్లమీద పెట్టించారు. ఒక్కొక్కటి ఎంతదాకా వచ్చిందో రాయాలంటే చదవక తప్పదు. చదివితే, దీనికి రిమైండర్ పోవాలని తెలుస్తుంది. రిమైండర్ రాస్తే అందులో తప్పులు. మళ్లీ ఎర్రపెన్సిల్, మళ్లీ "రాసుకోని రాపో". ఒకసారి కోపమొచ్చి కాగితం ఉండచుట్టి విసిరేశాడు. వరండాలో నాలుగు చుట్లు తిరిగొచ్చి, తనే ఏరుకుని సాపు చేసుకున్నాడు. ఒకరోజు ఐదున్నర దాటినా లేవకపోతే, బస్సు తప్పిపోతుందని నేనే కేకేశాను.

డిసెంబరు మంచు మొదలైంది. ఒక ఉదయం నేను బస్సెక్కే ముందు ఉమ ఫోన్ చేసి, ఈ రోజు రాజీనామా ఇచ్చేస్తానంటున్నారక్కా అంది. నాకు ఆఫీసులో ఏ పనీ చేతికి రాలేదు.

పదకొండు గంటలకి ఉమాశంకర్ ఆ ఉత్తరాన్ని, జాబితాతో సహా ధర్మయ్యగారి ముందు పెట్టాడు. ఆయన రెండుసార్లు చదివారు. పెన్సిల్ కాగితాన్ని తాకలేదు.

"తప్పుల్లేవు నాయనా. ఇచ్చుకో పో" అని కాగితం చేతికిచ్చేశారు.

ఈయనేంటి, ఇంత చేసి ఇలా వదిలేస్తారని నాకు కోపం, ఏడుపూ కలిసి వచ్చాయి. ఉమాశంకర్ కదల్లేదు. నిలబడే ఉన్నాడు, ఒక కాలు ఆడుతూనే ఉంది. సెక్షన్ ఆఫీసరు గది తలుపు వైపు చూశాడు, తన బల్లమీది ఫైళ్ల వైపు చూశాడు. తర్వాత ఆ కాగితాన్ని మళ్లీ ఆయన ముందు పెట్టాడు.

"ఇంకోసారి చూడండి ధర్మయ్యగారూ. ఎక్కడో తప్పుండే ఉంటుంది."

ఎనిమిదేళ్లలో అతను ఆయన్ని 'గారూ' అనడం నేను వినడం అదే మొదలు. ధర్మయ్యగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు, సొరుగు తీసి ఎర్రపెన్సిల్ అందుకున్నారు, మొదటి లైను కింద గీత పెట్టారు. ఉమాశంకర్ తన సీట్లోకి వచ్చి కూర్చుని పై ఫైలు విప్పాడు. నా గాజుపలక టకటకలాడింది. నేను స్కేలు ముట్టుకోలేదు.