రిపోర్టు రాకముందే అవ్వ చెప్పిన సంఖ్య

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నిర్మల్‌లో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే, చూసిన తేదీ, టైము రాసుకుని రమ్మనేదాన్ని. ఇది కూడా నేను రాసిపెట్టుకున్నది చూసే చెబుతున్నాను.

మా అవ్వ కొయ్యబొమ్మలకు రంగులు వేసేది. 1986 ఎండాకాలంలో, రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందని పళ్లెం తోసేయడం మొదలుపెట్టింది. దసరా నాటికి చేతి గాజులు జారిపోతున్నాయి. హైదరాబాదు తీసుకెళ్తే జీర్ణాశయంలో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి చాలా భాగం తీసేశారు. దాని చుట్టూ ఉండే చిన్న చిన్న లింఫ్ గడ్డలను కూడా తీసి పరీక్షకు పంపారు. జబ్బు వాటిలోకి ఎంత పాకిందో తెలిస్తేనే, మనిషి ఎన్నాళ్లుంటుందో చెప్పగలనన్నాడు డాక్టరు.

మూడో రోజు మధ్యాహ్నం నేను మంచం పక్కనే కూర్చుని అవ్వ జ్వరం నోట్‌బుక్కులో రాస్తున్నాను. అవ్వ కళ్లు తెరిచింది.

"గా ముసలామె పోయిందా?"

"ఏ ముసలామె? ఎవ్వరు రాలే అవ్వా. నేను ఈడనే ఉన్న గద."

"నా కడుపు మీద చెయ్యి వెట్టి గడ్డలు లెక్కవెట్టింది బిడ్డా. పదకొండు చెడిపోయినయట."

నొప్పి సూది మత్తు అనుకున్నాను. అయినా అలవాటుకొద్దీ జ్వరం పక్కనే రాసుకున్నాను. గడ్డలు తీశారన్న సంగతి అవ్వకు మేమెవరం చెప్పలేదు. నర్సును కూడా అడిగాను. తానూ చెప్పలేదంది. వార్డులోకి ముసలామె ఎవరూ రాలేదంది.

పదిరోజులకు రిపోర్టు వచ్చింది. డాక్టరు నన్ను బయటికి పిలిచాడు.

"బయటికెందుకు సారూ? జబ్బు నాది. నాకే చెప్పుండ్రి," అంది అవ్వ.

ఆయన అక్కడే చెప్పాడు. పదహారు గడ్డలు చూశారు. పదకొండింటికి జబ్బు పాకింది. ఇంత పాకాక ఏడాది దాటడం కష్టం.

నేను నోట్‌బుక్కు తీసి చూశాను; జ్వరం పక్కన నా చేతిరాతతో పదకొండు అనే ఉంది. అవ్వ మాత్రం ఆయన ముఖంలోకే చూసింది.

"గామె గడ్డలే లెక్కవెట్టింది సారూ, నా దినాలు లెక్కవెట్టలే. మీరెందుకు వెడ్తరు?"

ఇంటికొచ్చాక రోజుకు ఆరేడుసార్లు గుప్పెడు గుప్పెడు తినేది. మందు ఎక్కించాక వాంతులయిన రోజు కూడా కుంచె వదల్లేదు. చూడ్డానికొచ్చి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను, "ఏడ్సుడుంటే బయట ఏడ్సుకోండ్రి, రంగు తడిగ ఉన్నది," అని వెళ్లగొట్టేది.

ఐదేళ్లు బతికింది. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టి పోయింది.

అరుదుగా కొందరు అలా బతుకుతారని డాక్టరే అన్నాడు. అది ఒప్పుకుంటాను. పదకొండు సంగతి అడిగితే, మైక్రోస్కోపు కింద చూడకముందు తనకే తెలియదన్నాడు. ఏదో అంకె అంటే కలిసిందనుకుందామా? లోపల గడ్డలుంటాయనే ఆమెకు తెలియదే.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మా అవ్వ అబద్ధమాడిందని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతున్నాయో నాకూ తెలియదు.